ఆటల కంప్యూటరు – ముందుచూపు గల పొదుపు

పొదుపనగా తక్కువ వెలకు కొనుట యని మనలో ననేకులు తలంచుచున్నారు. ఇది సరియైన తలంపు కాదు. ఇల్లు కట్టువాడు పునాదిలో సిమెంటు తగ్గించి గోడలకు రంగులు హెచ్చించినచో నతనిని మన మెవ్వరమును తెలివిగలవాడని యనము. పై యంతస్తు వేయుటకు నేడు ధనము చాలకున్నను, స్తంభముల యినుపచువ్వలను మిద్దెపై మూరెడు పొడవు విడిచి యుంచుట మన యూళ్లలో నందఱు నెఱిగిన పద్ధతియే. ఆ చువ్వలు నేడు దేనికిని పనికిరావు. చూచుటకు నందముగను ఉండవు. అవి రేపటికొఱకు విడిచినవి. ఇల్లు కట్టునపుడు మనకుండు నీ ముందుచూపు యంత్రములను కొనునపు డేలనో మనలను విడిచిపోవుచున్నది.

ఆటలాడుకొనుటకై కంప్యూటరును భాగములుగా కొని యింటిలో కూర్చుకొనుటను గూర్చి యీ వ్యాసమున వ్రాయబూనితిని. స్త్రీవిద్యను గూర్చియు, గృహసంస్కారమును గూర్చియు చదువ నలవాటుపడిన వారికి నీ విషయమేల యని కొందఱు శంకింపవచ్చును. సంస్కారమనునది సభలలో తీర్మానింపబడి, యింటిలో ఖర్చుపెట్టునపుడు పరీక్షింపబడును. ఏ బిడ్డకు దేనికొఱకు ఎంత వ్యయము చేయుదుము, ఆ వ్యయమును నిర్ణయించు నధికార మెవరి కిత్తుము అను రెండు ప్రశ్నలకు మన మిచ్చు ప్రత్యుత్తరములే మన సంస్కారము. కంప్యూటరు కొనుటలో నీ రెండు ప్రశ్నలును కలిసి వచ్చినవి.

మా యక్కగారి కాపురము హనుమకొండలో. బావగారు బ్యాంకు ఉద్యోగి. అప్పు పేరెత్తినచో నాయనకు గిట్టదు. వారికొక కుమార్తె, ఒక కుమారుడు. 2023 సంవత్సరపు వేసవిలో కుమార్తెకు పందొమ్మిదేండ్లు, డిగ్రీ చదువుచుండెను. ఒకనాడు భోజనములైన పిదప ఆ పిల్ల తండ్రితో నిట్లనెను: “నాన్నా, నాకొక కంప్యూటరు కావలెను. ఆటలాడుకొనుటకు.”

“చదువుకొఱకని యడిగినచో నీపాటికి తెచ్చి యిచ్చియుందును. ఆటలకేమిటమ్మా, యాభై వేలు?” అని బావగారనిరి.

“చదువునకు కళాశాలలో కంప్యూటర్లున్నవి నాన్నా. ఇది యాటకే. చదువని చెప్పి తెప్పించుకొన్నచో దానిముందు కూర్చున్నపుడెల్ల దొంగవలె కూర్చుండవలసి యుండును.”

ఈ మాటకు బావగారు వెంటనే బదులు చెప్పలేదు. ఆయన చెడ్డవాడు కాడు. కూతును చదివించుటలో నొక్క రూపాయి యైనను వెనుదీయలేదు. అయినను ఆడుపిల్లకు విద్య కావలెను, ఉద్యోగము కావలెను అని యొప్పుకొన్న మనము, ఆమెకు ఆట కావలెనని యొప్పుకొనుటకు మాత్రము వెనుకాడుచున్నాము. విద్యకు ప్రయోజనము కలదు. ఆటకు లేదని మన లెక్క. అదే యింటిలో తమ్మునికి క్రికెట్టు బ్యాటును, ప్యాడ్లును, పిదప గేరుల సైకిలును కొన్నపుడు అది యే చదువునకని యెవ్వరు నడుగలేదు. మగపిల్లవాని యాట యతని యారోగ్యము. ఆడుపిల్ల యాట కాలహరణము! ఈ రెండు తూనికలను మా మేనకోడలు నోరెత్తి నిందింపలేదు. అబద్ధ మాడుటకు మాత్రము నిరాకరించినది. అంతమాత్రముననే మా బావగారి తూనిక వంగినది.

ఆయనకు నిజముగా నుండిన భయములు రెండు. మొదటిది జూదము. చేతిఫోనులలో పేకాట యాడి కుటుంబములు చితికిన కథలు ఆయన విని యుండెను. ఈ భయము నిరాధారమైనది కాదు. తెలంగాణ ప్రభుత్వము 2017లో తన జూదపు చట్టమును సవరించి, పణమొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. ఆంధ్రప్రదేశమున 2020లో అట్లే జరిగినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి నొక చట్టము చేసి, ధనము పందెముగా నుంచు ఆన్‌లైను ఆటలను మాన్పించినది. అయితే చదువరులు గమనింపవలసిన దేమనగా, ఆ చట్టమే పందెము లేని యాటలను వేఱుచేసి, వానిని ప్రోత్సహింపదగినవని చెప్పినది. ఆట వేఱు, జూదము వేఱు. ఆటలో నోడినవాడు మరల నాడును. జూదములో నోడినవాడు అప్పు చేయును. పేరునకు ఉచితమై, లోపల అదృష్టమును పెట్టెలు పెట్టెలుగా నమ్ము ఆటలును కొన్ని కలవు. వానిని జూదమునకు చుట్టములుగనే యెంచి యింటిలోనికి రానీయరాదు. వెలకు ఒకమాఱు కొని యాడుకొను ఆటలయందీ దోషము లేదు.

రెండవ భయము కాలము వ్యర్థమగుట. దీనికి మందు నిషేధము కాదు, నియమము. రాత్రి పది గంటలకు యంత్రము నాపవలెనను నియమము నా యింటిలో నందఱును కూర్చుండి చేసికొనిరి. కుమార్తె కెంతయో కుమారునికి నంతయే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల వయస్సున చదరంగమున గ్రాండ్‌మాస్టరైనది. ఆమె తండ్రి బిడ్డ యాటను కాలహరణమని తలంచి బల్ల దాచియుండినచో తెలుగువారి కా కీర్తి దక్కియుండెడిది కాదు. ఆడు ప్రతి బిడ్డయు హంపి కాదు, కానక్కఱలేదు. బిడ్డ సంతోషించుటయే చాలినంత ప్రయోజనము.

బావగారు చివరకు యాభై వేల రూపాయలు కేటాయించి, “అంతకు మించి యొక్క రూపాయియు లేదు, అప్పును లేదు, వాయిదాలును లేవు” అని చెప్పిరి. మేనకోడలు సంతోషముతో నొప్పుకొనెను. నాటినుండి నలుబది దినములు ఆ పిల్ల యొక నోటుపుస్తకములో వెలలు వ్రాసికొనుచు, కొట్టివేయుచు నుండెను. ఆ పుస్తకమునుండి నేను నేర్చుకొన్న సంగతులే యిక చెప్పుచున్నాను.

కంప్యూటరును భాగములుగా మార్చుకొనగలుగుట దానంతట వచ్చిన సదుపాయము కాదు. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినపుడు, దాని లోపలి ఫలకముమీద క్రొత్త కార్డులను గ్రుచ్చుటకు ఐదు గాడులుంచి, దాని కట్టడి యెట్టిదో తెలుపు సాంకేతిక గ్రంథమును ప్రకటించినది. దాని నాధారముగా జేసికొని యితరులు ఆ యంత్రమునకు సరిపోవు భాగములను చేయగలిగిరి. 1995లో ఇంటెలు సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతలను ప్రకటించినది. మదరుబోర్డు పొడవు వెడల్పు లెంత, మరల రంధ్రము లెచ్చట నుండవలెను, కరెంటు తీగలెట్లు తగులవలెను అను నీ కొలతలను నేటికి ననేక సంస్థలు పాటించుచున్నవి. అందుచేతనే పదేండ్లనాటి క్యాబినెట్టులో నేటి బోర్డు కూర్చుండును. ల్యాపుటాపునకు ఈ భాగ్యము తక్కువ. దానిలో ప్రాసెసరు, గ్రాఫిక్సు ఫలకమునకే అతుకబడి యుండును. పెక్కింటిలో ర్యాము సయితము అట్లే యుండును. ఒక భాగము చాలనిచో యంత్రమంతయు చాలనిదగును.

మా మేనకోడలు భాగములను మూడు తెగలుగా విభజించెను. తక్కినవానినన్నిటిని మోయునవి మొదటి తెగ: కరెంటునిచ్చు ఎస్.ఎం.పి.ఎస్., మదరుబోర్డు, క్యాబినెట్టు. వీనిని మార్చవలసినచో యంత్రమంతయు విప్పవలెను. ప్రాసెసరును, ఎస్.ఎస్.డి.యు రెండవ తెగ. మార్చవచ్చును గాని తఱచుగా మార్చము. గ్రాఫిక్సు కార్డును, అదనపు ర్యామును మూడవ తెగ. మూత తీసి పది నిమిషములలో మార్చుకొనదగినవి. మార్చుట కష్టమైనదానికి మంచి వెల పెట్టవలెను. మార్చుట సులభమైనదానిని తగుమాత్రముగా కొని, కాలము కొఱకు వేచియుండవలెనని ఆ పిల్ల సిద్ధాంతము. ఆటల కంప్యూటరనగానే అందఱును మొదట గ్రాఫిక్సు కార్డును గూర్చి తలంతురు. ధనములో హెచ్చుభాగము దానికే పోవును. ఈమె మొదటి పట్టికలో గ్రాఫిక్సు కార్డే లేదు!

“మఱి ఆట లెట్లాడుదువే?” అని నేనడిగితిని.

“ఈ ప్రాసెసరులోనే కొంత బొమ్మలు గీయు శక్తి కలదు మామయ్యా. చిన్న యాటలకు నది చాలును. పెద్ద యాటలను ఇంకొక యేడాదిన్నరకు ఆడుదును. అవి యెక్కడికి పోవును?” అని యామె చెప్పెను.

ఆ ప్రాసెసరు ఏ.ఎం.డి. సంస్థవారి రైజెన్ 5 5600జి. ఆఱు కోరులు, 65 వాట్లు. దాని లోపలి గ్రాఫిక్సు యంత్రపు ర్యామునే వాడుకొనును గనుక, ర్యాము వేగము దానికి ప్రాణము. అందుచేత 16 జి.బి. ర్యామును ఒక్క కడ్డీగా కాక, 8 జి.బి. కడ్డీలు రెండుగా కొన్నది. రెండు కడ్డీలున్నచో రెండు త్రోవల సమాచారము ప్రవహించును. బోర్డునకు నాలుగు గాడులు. రెండు నిండినవి, రెండు మిద్దెపై చువ్వలవలె మిగిలినవి.

ప్రాసెసరు గూర్చి మఱియొక చిక్కు కలదు. ప్రాసెసరు కూర్చుండు సాకెట్టు మాఱినచో బోర్డును మార్చవలెను. కావున రేపటి ప్రాసెసరు నేటి బోర్డులో కూర్చుండునా యని ముందే విచారింపవలెను. ఇంటెలువారు 2015లో 1151 కాంటాక్టుల సాకెట్టును ప్రవేశపెట్టిరి. 2017 అక్టోబరులో వచ్చిన వారి యెనిమిదవ తరపు ప్రాసెసర్లకు నదే పేరు, అదే సంఖ్య; కాని పాత బోర్డులలో నవి పనిచేయవని, క్రొత్త బోర్డు కొనవలసినదే యని తేలెను. ఏ.ఎం.డి.వారి ఏ.ఎం.4 సాకెట్టు చరిత్ర వేఱు. మొదటి రైజెన్ ప్రాసెసర్లు 2017 మార్చిలో దానిపై వచ్చినవి. 2022 ఏప్రిలులో వచ్చిన 5800ఎక్స్3డి యు దానిపైననే వచ్చినది. 2017లో కొన్న బోర్డులలో ననేకములు బయోసును సవరించుకొన్నపిదప నా క్రొత్త ప్రాసెసరును స్వీకరించినవి. ఐదేండ్ల పిదప బోర్డు మార్చకయే ప్రాసెసరును మార్చుకొనుట సామాన్య గృహస్థునకు గొప్ప యుపకారము.

అయితే 2022 సెప్టెంబరులోనే ఏ.ఎం.డి.వారు ఏ.ఎం.5 అను క్రొత్త సాకెట్టును తెచ్చియుండిరి. దానికి డి.డి.ఆర్.5 ర్యాము తప్పనిసరి. ముందుచూపు గలవారు క్రొత్తదానినే కొనవలెను గదా యని నేనంటిని. ఆ పిల్ల చెప్పిన సమాధానము నాకు నేటికిని జ్ఞాపకమున్నది. “క్రొత్త సాకెట్టుపై రాబోవు ప్రాసెసర్లు వాగ్దానములు మామయ్యా. పాత సాకెట్టుపై నున్నవి సరకు. వాని శక్తి యెంతయో పరీక్షించినవా రున్నారు. రెండేండ్లకు వాని వెల తగ్గును. వాడినవి కూడ దొరకును. క్రొత్తదాని బోర్డును, ర్యామును కొనునప్పటికి మన యాభై వేలును చాలవు” అనెను. ధనము గలవారు క్రొత్త సాకెట్టును కొనుటయే మేలు. దానిపై 2024లో మఱియొక తరపు ప్రాసెసర్లును వచ్చినవి. కాని కొలది ధనము గలవాని ముందుచూపునకు మొదట హద్దు కావలెను. రాని మేడమీద గదికై నేడు వంటిల్లు లేకుండ చేసికొనరాదు.

ఇక ఎస్.ఎం.పి.ఎస్. మన గోడలోని 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి భాగముల కందిచ్చునది యిది. బాగుగా పనిచేసినంతకాలము దానిని గూర్చి యెవ్వరును తలంపరు. చెడినపుడు మాత్రము బోర్డును, కార్డును కూడ వెంట దీసికొనిపోవచ్చును. దానిపై నుండు ‘80 ప్లస్’ అను ముద్ర 2004లో నారంభమైనది. గోడనుండి తీసికొన్న కరెంటులో వ్యర్థమగున దెంత తక్కువయో ఆ ముద్ర తెలుపును. కట్టడము, రక్షణ యెట్టివో దానివలననే తెలియవు. అందుకు పరీక్షించినవారి మాటను, గ్యారంటీ యేండ్లను చూడవలెను. వాట్ల లెక్కను మేనకోడలిట్లు వేసెను: ప్రాసెసరునకు 65, రేపు కొనదలచిన ఆర్.ఎక్స్. 6600 కార్డునకు 132. తక్కినవానికి ధారాళముగా నూఱు. అన్నియు కలిసి మూడువందలు. అయినను ఆమె 650 వాట్లది కొన్నది. ఇంకొక ఐదాఱేండ్లకు రాగల కార్డు రెండువందల యేబది వాట్లు కోరినను ఎస్.ఎం.పి.ఎస్.ను మార్చనక్కఱ లేకుండుటకై యీ మిగులు.

కొనుటకు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదు వెళ్లితిమి. అచ్చటి చెనాయ్ ట్రేడ్ సెంటరులో అంతస్తు లంతస్తులుగా కంప్యూటరు దుకాణములు కలవు. నాలుగు మెట్లెక్కి దిగినచో వెల లన్నియు పోల్చుకొనవచ్చును. మేము మొదట చొచ్చిన దుకాణములోని వర్తకుడు మేనకోడలు ప్రశ్న వేసినపుడెల్ల ప్రత్యుత్తరము నా ముఖము చూచి చెప్పుచుండెను. “సారూ, క్యాబినెట్టుతో ఎస్.ఎం.పి.ఎస్. ఉచితముగా వచ్చును. బోర్డు చౌకది తీసికొనుడు. మిగిలిన తొమ్మిది వేలకు గ్రాఫిక్సు కార్డు నేడే వేసి యిచ్చెదను. లైట్లు గూడ వెలుగును. పాపకు నచ్చును” అనెను. నేను మౌనముగా నుంటిని. మేనకోడలే చెప్పెను: “అన్నా, ఆ వెలకు వచ్చు కార్డు ఈ ప్రాసెసరు లోపలనున్న దానికంటె నెక్కువ చేయదు. ఆ క్యాబినెట్టు ముందువైపంతయు అద్దమే. గాలి పోవు త్రోవయేది? మా యూరి వేసవిలో లోపల వంటపొయ్యి యగును. జాలిముఖము గల క్యాబినెట్టు చూపింపుము.” అతడు కొంతసేపామెను చూచి, నవ్వి, అటుపిమ్మట వెలల నామెకే చెప్పసాగెను. మాయవలన కాదు, తెలివివలన గౌరవము కలిగినది. అయితే తెలివి లేని మగవానికి మొదటనే దొరకు గౌరవమును ఆడుపిల్ల తెలివి చూపి సంపాదించుకొనవలసి వచ్చుట న్యాయమా యని ప్రశ్నింపక తప్పదు.

లెక్క యిట్లు తేలినది. ప్రాసెసరు 11,500, మదరుబోర్డు 9,200, ర్యాము 3,600, ఒక టి.బి. ఎస్.ఎస్.డి. 4,300, ఎస్.ఎం.పి.ఎస్. 5,400, క్యాబినెట్టు 3,500, వెరసి 37,500 రూపాయలు. ఇందులో మోయు భాగములు మూడింటికే 18,100, దాదాపు సగము. తెర 8,500, కీబోర్డును మౌసును 1,500. మొత్తము 47,500. మిగిలిన 2,500 రూపాయలను ఆ పిల్ల తండ్రికి తిరిగి యీయబోగా, “అది గ్రాఫిక్సు కార్డు హుండీలో వేయుము” అని ఆయనయే యనిరి. ప్రతి భాగమునకును పేరు పేరున బిల్లు తీసికొంటిమి. బిల్లు లేని గ్యారంటీ నీటిపై వ్రాత.

మఱునాడు ఆదివారము. యంత్రమును ముట్టకముందు మేనకోడలు ఎలక్ట్రీషియనును పిలిపించి గోడలోని ప్లగ్గునకు ఎర్తింగు సరిగా నున్నదో లేదో చూపించెను. పాత యిండ్లలో మూడు రంధ్రములున్నను మూడవ రంధ్రము వెనుక తీగ యుండదు. అట్టి యిండ్లలో క్యాబినెట్టును ముట్టుకొన్నచో చేయి జివ్వుమనును. ఆ యింటిలోను తీగ లేదు. క్రొత్తగా వేయించిరి. పదునేండ్లుగా ఆ గోడకే ఇస్త్రీపెట్టె తగిలించుచుండిన మా యక్క “ఇన్నాళ్లు నన్నెవరును హెచ్చరింపలేదే!” యని విస్తుపోయెను.

పిదప భోజనపు బల్లపై గుడ్డ పఱచి పని మొదలుపెట్టిరి. క్యాబినెట్టు యినుమును తాకి చేతిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనుట, ప్రాసెసరు మూలనున్న బంగారు త్రికోణమును సాకెట్టుపై త్రికోణమునకు సరిచూచి బలము పెట్టక దింపుట, బోర్డు క్రింద ఇత్తడి మేకులను రంధ్రములకు సరిపోవునట్లు బిగించుట – ఇవి యన్నియు సన్నని పనులే గాని కష్టమైన పనులు కావు. సూదిలో దారమెక్కించు చేతులకు, అప్పడములు పలుచగా నొత్తు చేతులకు ఇవి యేపాటి? మరలలో సగము మా యక్కయే బిగించెను. మీట నొక్కగా పంకాలు తిరిగినవి గాని తెరపై నేమియు రాలేదు. బావగారు వెంటనే “మెకానిక్కును పిలువనా?” అనిరి. “ఒక్క నిమిషము నాన్నా” అని కూతురు కరెంటు ఆపి, ర్యాము కడ్డీలను తీసి, రెండు కొసలును టిక్కుమని శబ్దమగువఱకు నొత్తి మరల మీట నొక్కెను. తెర వెలిగినది. బావగారు తన కూతును అంతకుముందెన్నడు నట్లు చూడగా నేను చూడలేదు.

మొదటి యేడాదిన్నర చిన్న యాటలతో గడచెను. 1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగపు క్రొత్తరూపము, పూనా నగరములో తయారై 2020లో వెలువడిన ‘రాజీ’ అను ఆట – ఇవి యా యంత్రమున సాగినవి. రాజీ తమ్ముని వెదకుచు రాక్షసులతో పోరాడు బాలిక కథ. అన్నిటికంటె వింత యేమనగా, ఎరిక్ బరోనీ యనునతడొక్కడే సంవత్సరముల తరబడి శ్రమించి 2016లో వెలువరించిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ యను వ్యవసాయపు టాటను మా యక్క పట్టుకొన్నది. విత్తులు చల్లుట, నీరు పోయుట, కోళ్లను పెంచుట. ఏబదియేండ్ల జీవితమున తన కొక ఆట యుండుట ఆమెకదియే ప్రథమము. సాయంకాల మామె యాడు గంటసేపు అంట్లు తోము పనిని తండ్రీకొడుకులు వంతులవారీగా తీసికొనిరి. ఇది యెవరును ఉపన్యసించి చేయించినది కాదు.

మేనకోడలు చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి నెలకు వేయి రూపాయలు హుండీలో వేసెను. పదునెనిమిది నెలలకు 18,000. మొదటి 2,500తో కలిపి 20,500. 2024 డిసెంబరులో ఆ సొమ్ముతోనే ఆర్.ఎక్స్. 6600 కార్డు కొన్నది. 2021 అక్టోబరులో అమెరికాలో 329 డాలర్లకు విడుదలైన ఆ కార్డు అప్పటికి చాల చౌకయైనది. వాయిదాలపై ముందే తెచ్చుకొన్నచో వెలయు హెచ్చు, దానిపై వడ్డీయు హెచ్చు. కార్డును పెట్టుటకు క్యాబినెట్టు మూత తప్ప మఱేమియు విప్పనక్కఱ లేకపోయెను. తీగ సిద్ధముగా నున్నది; గాడి సిద్ధముగా నున్నది; వాట్లు సిద్ధముగా నున్నవి.

వేచియున్నచో నన్నియు చౌకయగునని మాత్రము చెప్పజాలను. 2025 చివరి మాసములలో ర్యాము వెలలు ఎవరును తలంపనంతగా పెరిగినవి. కృత్రిమ మేధకై కట్టబడు పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రములకు సరకు తరలిపోవుటయే దానికి కారణము. మిగిలిన రెండు గాడులను నింపవలెనను మేనకోడలి యాలోచన ఆగిపోయినది. అయినను ఆమె యంత్రము ఆగలేదు. ముందుచూపనగా భవిష్యత్తును కనిపెట్టుట కాదు. భవిష్యత్తు మన లెక్కకు భిన్నముగా వచ్చినను ఇల్లు నడచునట్లు చేసికొనుట. పైగా, ఒక భాగము పాతబడినచో ఆ యొక్కటియే బయటకు పోవును. అదియు బంధువులలో నొకరికి పనికివచ్చును. ఎలక్ట్రానికు వ్యర్థములను గూర్చి 2023 ఏప్రిలు నుండి క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి గాని, చెత్త పుట్టకుండ చేయుటకంటె మంచి నియమ మేమున్నది?

కావున గృహయజమానులారా, గృహిణులారా! మీ యింటిలోని పిల్ల యిట్టి కోరికతో వచ్చినచో మొదట చదువు సాకు నడుగకుడు. ఆ ప్రశ్న బిడ్డలకు నేర్పునది అబద్ధమొక్కటియే. మీరీయగల ధన మెంతయో స్పష్టముగా చెప్పుడు. ఆ ధనమును విభజించు పని యామెకే విడువుడు. ఏది మోయునది, ఏది మార్చదగినది, ఏది వేచియుండదగినది యని మూడు గడులు గీసి కాగితముపై వ్రాసి చూపుమనుడు. దుకాణమునకు తోడు వెళ్లుడు. కాని మాటలాడు వంతు ఆమె కిండు. స్క్రూడ్రైవరు కొమారుని చేతి కందించు నలవాటును మానుకొనుడు.

హనుమకొండలో నా యంత్రము నేటికిని పనిచేయుచున్నది. మేనకోడలికి ఉద్యోగము వచ్చినది. ఆమె తరువాత మార్చదలచినది ప్రాసెసరు. పాత ప్రాసెసరును తమ్ముని కిచ్చి, అతని యంత్రమును అతనిచేతనే కూర్పించునట. బావగారు దానికి గూడ ఒక హుండీ తెఱచిరి.